గుర్తు తెలియని శవానికీ ఒక గుర్తు మిగలాలి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో తరచూ ఒక మూలన నాలుగు వరుసల వార్త కనిపిస్తుంది. సాగర్ ఎడమ కాలువలో గుర్తు తెలియని మృతదేహం, వయసు సుమారు 45, నీలం గళ్ల లుంగీ, చేతిపై పచ్చబొట్టు. ఆ వార్తను నేను ప్రతిసారీ రెండుసార్లు చదువుతాను. కార్యాలయాల ముందు కూర్చుని అర్జీలు రాసిపెట్టడం నా వృత్తి. తొమ్మిదేళ్ల కిందట కూలికని వెళ్లి తిరిగిరాని భర్త కోసం ఒక తల్లి నాచేత ఎన్ని అర్జీలు రాయించిందో లెక్కలేదు. మరణ ధ్రువపత్రం లేనిదే వితంతు పింఛను రాదు. ఏడేళ్లపాటు ఆచూకీ లేని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చని చట్టం అంటుంది కానీ, అందుకు ఆమె కోర్టు మెట్లు ఎక్కాలి. ఈమధ్య వచ్చినప్పుడు పింఛను మాట ఎత్తలేదు. "బొట్టు పెట్టుకోవాలో వద్దో, అదొక్కటి చెప్పించయ్యా" అంది. ఆ రోజు అర్జీలో ఏం రాయాలో నాకు తోచలేదు.

బాలికలను చంపి పడేసిన హాజీపూర్ బావులను మన ప్రాంతం మరచిపోలేదు. 2015లో కనిపించకుండా పోయిన పసిపిల్ల ఏమైందో 2019లో మరో బాలిక కోసం వెతికినప్పుడు గానీ తెలియలేదు. బావిలో ఎముకలు మిగిలాయి కాబట్టి ఆ కుటుంబానికి జవాబు దొరికింది. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు నేరస్థుడికి మరణశిక్ష విధించింది.

ఎముకలు ఎంతకాలమైనా సాక్ష్యం చెబుతాయి. పంజాబ్‌లోని అజ్నాలాలో ఒక పాత బావి నుంచి 2014లో వందలాది మనుషుల అవశేషాలు తీశారు. 1857లో తిరగబడి ప్రాణాలు కోల్పోయిన సిపాయిలవని కొందరు, దేశ విభజన నాటి హతులవని మరికొందరు వాదించారు. ఆ పళ్ల నుంచి డీఎన్ఏ తీసి పరీక్షించిన పరిశోధకుల్లో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారూ ఉన్నారు. చనిపోయినవారు గంగా మైదానం వారని 2022లో తేల్చారు. వారు 1857లో తిరగబడిన సిపాయిలే అన్న మాటకు బలం చేకూరింది. నూట అరవై ఏళ్లు మట్టిలో ఉన్న పన్ను తన యజమాని ఏ నేల బిడ్డో చెప్పగలిగితే, నిన్న కాలువలో తేలిన మనిషి ఎవరి బిడ్డో చెప్పలేదా?

ఈ విద్య మనకు దూరపు చుట్టమేమీ కాదు. డాక్టర్ లాల్జీ సింగ్ బృందం 1988లోనే హైదరాబాద్‌లో డీఎన్ఏను బట్టి మనిషిని గుర్తించే 'డీఎన్ఏ వేలిముద్రల' పద్ధతిని రూపొందించింది. నల్లగొండ నుంచి అక్కడికి బస్సులో రెండు మూడు గంటల ప్రయాణం. ఖర్చూ కొండంత కాదు. శవం నుంచి తీసి ప్రత్యేకమైన కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్క మామూలు గదిలోనే ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. శవం కుళ్లిపోయి ఉంటే ఒక దవడ పన్ను, లేదా తొడ ఎముక ముక్క చాలు. తడి బట్టలను ప్లాస్టిక్ సంచిలో కుక్కకుండా నీడన ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలన్న జాగ్రత్త మాత్రం పంచనామా నాడే తీసుకోవాలి. బూజు పట్టాక ప్రయోగశాలకైనా పని కష్టమవుతుంది. ఇక ఆ తల్లి కొడుకు బుగ్గ లోపల దూదిపుల్లతో ఒకసారి రుద్దితే పోల్చడానికి కావలసిన రెండో నమూనా సిద్ధం.

2024 జులై నుంచి అమలైన కొత్త నేర చట్టం ఏడేళ్లు, ఆపై శిక్ష పడే కేసుల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలంటోంది. మంచిదే. నేరమని తేలని శవానికి ఆ భాగ్యం లేదు. తప్పిపోయినవారి, గుర్తు తెలియని మృతుల డీఎన్ఏ వివరాలనూ, నేరాల్లో అనుమానితుల వివరాలనూ ఒకచోట చేర్చే బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చింది, 2023లో వెనక్కి పోయింది. అనుమానితుల వివరాలు దుర్వినియోగం కావచ్చని అప్పట్లో వచ్చిన అభ్యంతరాలు సబబైనవే. కానీ పేరు లేని మృతుడి పన్ను దాచడానికీ, తమంతట తాము ముందుకొచ్చే కుటుంబాల నమూనా తీసుకోవడానికీ ఆ భయం అడ్డు రావాలా? ఆ రెండింటి వరకు రాష్ట్ర ప్రభుత్వం ముందడుగు వేయాలి. మన జిల్లాల్లో ఏ గుర్తు తెలియని శవాన్నీ నమూనా తీయకుండా ఖననం చేయరాదని ఉత్తర్వు ఇవ్వాలి.

మీకూ ఒక విన్నపం. ఆ నాలుగు వరుసల వార్త రాసే విలేకరి పోలీసులను ఒక్క ప్రశ్న అదనంగా అడగాలి. "డీఎన్ఏ నమూనా భద్రపరిచారు, దాని సంఖ్య ఇది" అని ఐదో వరుస అచ్చు వేయండి. ఆమె అర్జీకి నేను ఆ సంఖ్యను జతచేస్తాను.

ఇట్లు,
అర్జీలు రాసే ఒక పాఠకుడు,
నల్లగొండ జిల్లా