గ్రాఫిక్స్ కార్డును తూచడానికి జీబీల అంకె ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఇంటి కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మలను తయారుచేసే భాగం) ఎంచుకోవడంపై ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇలాంటి విషయాన్ని తెలుగులో విడమరచి చెప్పినందుకు ఎంతో సంతోషించాను. అయితే వ్యాసంతో పాటు ఇచ్చిన పట్టికలో కార్డు పేరు, దాని మెమరీ ఎన్ని జీబీలు అన్న రెండు గడులే ఉన్నాయి. ఆ రెండింటినే నమ్ముకొని కొనేవారు మోసపోయే ప్రమాదం ఉన్నందున ఈ లేఖ రాస్తున్నాను.

ఒకే పేరున్న రెండు కార్డులు ఒకే రకమైనవి కాకపోవచ్చు. 2016లో ఎన్‌విడియా కంపెనీ జీటీఎక్స్ 1060 పేరుతో 6 జీబీ కార్డును, కొద్ది వారాల తేడాతో 3 జీబీ కార్డును తెచ్చింది. తేడా మెమరీలోనే అనుకుంటాం గాని, మొదటి దానిలో 1,280 కోర్లు (లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు) ఉంటే రెండో దానిలో ఉన్నవి 1,152. జీటీ 1030 సంగతి ఇంతకంటే బాధాకరం. 2 జీబీలతో వచ్చిన రెండు రకాలలో ఒకదానికి గ్రాఫిక్స్ కోసమే చేసిన వేగవంతమైన జీడీడీఆర్5 మెమరీని, 2018లో వచ్చిన మరోదానికి మామూలు కంప్యూటర్లలో వాడే డీడీఆర్4 మెమరీని అమర్చారు. మొదటిది సెకనుకు 48 జీబీల సమాచారాన్ని అందుకోగలిగితే, రెండోది 17 జీబీలైనా అందుకోలేదు. మీ పట్టికలో ఈ రెండూ ఒకే వరుసలో కలిసిపోతాయి.

ఈ సెకనుకు ఇన్ని జీబీలన్న లెక్కనే బ్యాండ్‌విడ్త్ అంటారు. తొట్టి ఎంత పెద్దదైనా గొట్టం సన్నదైతే నీళ్లు సన్నగానే వస్తాయి. మెమరీ తొట్టి, బ్యాండ్‌విడ్త్ గొట్టం. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ కార్డుకు 192 బిట్ల బస్సు (చిప్పుకూ మెమరీకీ నడుమ సమాచారం నడిచే దారి) ఉండగా, తర్వాత అదే పేరుతో వచ్చిన 8 జీబీ కార్డుకు 128 బిట్ల బస్సే ఇచ్చారు. దానితో బ్యాండ్‌విడ్త్ 360 జీబీల నుంచి 240కి, అంటే మూడింట రెండు వంతులకు పడిపోయింది. కోర్ల సంఖ్య మాత్రం రెండింటిలోనూ ఒక్కటే.

అలాగని బ్యాండ్‌విడ్త్ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పడమూ సరికాదు. ఆర్‌టీఎక్స్ 3060 టీఐకి 448 జీబీల బ్యాండ్‌విడ్త్ ఉంటే, 2023లో వచ్చిన 4060 టీఐకి ఉన్నది 288 జీబీలే. అయినా చిప్పులోపలి ఎల్2 క్యాష్‌ను (తరచూ కావలసిన సమాచారాన్ని దగ్గరే ఉంచుకునే చిన్న మెమరీని) 4 ఎంబీల నుంచి 32 ఎంబీలకు పెంచినందువల్ల, కొత్త కార్డు ఫుల్ హెచ్‌డీలో పాతదాని కంటే కాస్త ముందే ఉంటుంది. రిజల్యూషన్ (తెర మీది చుక్కల సంఖ్య) పెరిగేకొద్దీ ఆ ఆధిక్యం తగ్గుతూ వస్తుంది. అందువల్ల ఏ మానిటర్‌కు కొంటున్నామన్నది చెప్పకుండా ఏ కార్డు మేలని అడిగితే జవాబు దొరకదు.

మెమరీ ఎక్కువ ఉండడం వృథా అని నా అభిప్రాయం కాదు. ఆటకు కావలసిన బొమ్మల సమాచారం కార్డు మెమరీలో పట్టనప్పుడు, మిగిలినదాన్ని మదర్‌బోర్డు మీది ర్యామ్ నుంచి తెచ్చుకోవలసి వస్తుంది. అప్పుడే ఆట ఉన్నట్టుండి ఆగి కదులుతుంది. ఇక్కడే సగటు ఫ్రేముల (తెర మీద ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే బొమ్మల) లెక్క మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. సగటున సెకనుకు 80 ఫ్రేములు చూపే కార్డు కూడా రద్దీ ఘట్టంలో 25కు పడిపోతే, ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్ల పాటు తెర మీద నిలిచిపోయి, కంటికి స్పష్టంగా కుదుపు తెలుస్తుంది. సగటు 70 ఉన్నా ఎప్పుడూ 55కు తగ్గని కార్డే ఇంట్లో ఆడుకునేవారికి మేలు. ఇక ఫ్రేమ్ జనరేషన్‌తో వచ్చిన అంకెలను మామూలు అంకెలతో కలిపి అచ్చువేయడం అస్సలు తగదు. ఆ పద్ధతిలో రెండు అసలు ఫ్రేముల నడుమ కల్పించిన ఫ్రేము చేరుతుంది. దానివల్ల కదలిక నున్నగా కనిపించినా, మౌస్ కదిపితే స్పందన అసలు ఫ్రేముల వేగంతోనే వస్తుంది.

కార్డు ఎంత మంచిదైనా దాన్ని పెట్టే కంప్యూటర్ కూడా లెక్కలోకి రావాలి. 2022లో ఏఎమ్‌డీ తెచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ పీసీఐఈ స్లాట్‌లో (మదర్‌బోర్డు మీద కార్డును గుచ్చే చోట) నాలుగు లేన్లనే, అంటే సమాచారం నడిచే నాలుగు దారులనే వాడుకుంటుంది. పీసీఐఈ 4.0 ఉన్న బోర్డులో అది సరిపోతుంది, అంతకు ముందు తరం 3.0 బోర్డులో ఆ దారి వేగం సగానికి తగ్గుతుంది. తక్కువ ఖర్చుతో పాత కంప్యూటర్‌ను బాగుచేసుకోవాలనుకునేవారే ఇలాంటి కార్డు వైపు చూస్తారు కాబట్టి, నష్టపోయేదీ వారే.

నా అనుభవం కూడా చెప్పాలి. మా అబ్బాయి కోసం కార్డు కొనేముందు వారం రోజులు పట్టికలు చదివాను. తీరా క్యాబినెట్ తెరిచి చూస్తే కార్డుకు 8 పిన్నుల కనెక్టర్ కావాలి, మా పవర్ సప్లై నుంచి వచ్చిన తీగకు ఉన్నవి 6 పిన్నులే. అది చాలదన్నట్టు కార్డు పొడవు హార్డ్ డిస్కుల అరకు తగిలి స్లాట్‌లోకి దిగలేదు. పక్కన కూర్చుని ఆశగా చూస్తున్న పిల్లవాడికి కార్డును తిరిగి పెట్టెలో సర్దుతూ ఏం చెప్పాలో తోచలేదు. నేను చదివిన పట్టికల్లో ఒక్కదానిలోనైనా పొడవుకూ కనెక్టర్‌కూ చోటు ఇచ్చి ఉంటే ఆ రోజు అలా గడిచేది కాదు.

అందువల్ల ఇకపై ఇటువంటి పోలికలు అచ్చువేసేటప్పుడు మెమరీతో పాటు దాని రకం, బస్సు వెడల్పు, బ్యాండ్‌విడ్త్, లేన్ల సంఖ్య, విద్యుత్ వాడకం, కనెక్టర్, కార్డు పొడవు కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. స్థలం చాలకపోతే పది కార్డులకు బదులు నాలుగింటినే పోల్చండి. ఫ్రేముల లెక్కలు ఇచ్చినప్పుడు ఏ ప్రాసెసర్‌తో, ఏ రిజల్యూషన్‌లో పరీక్షించారో పట్టిక కిందనే ఒక వాక్యంలో రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు