క్రేయాన్ ముందు ఎటు వెళ్లాడు?

సంపాదకులకు,

మీ సాహిత్య పేజీలో ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ నాటకం ‘యాంటిగని’పై వచ్చిన వ్యాసం చదివాను. యాంటిగనిని మచ్చలేని వీరనారిగా, రాజు క్రేయాన్‌ను వట్టి నియంతగా తేల్చేసిన ఆ తీర్పును నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఈ నాటకంలో ఏ పాత్ర గుణాన్నీ దాని దోషం నుంచి విడదీయలేం.

పరాయి సేనతో సొంత నగరం థీబ్స్ మీదికి వచ్చి చనిపోయిన యాంటిగని సోదరుడు పోలినైసిస్‌కు అంత్యక్రియలు జరపరాదన్న క్రేయాన్ ఆజ్ఞ క్రూరమే. అయితే, నగరం కన్నా స్నేహితుణ్ని మిన్నగా చూసేవాడు ఎందుకూ కొరగాడంటూ అతడు చేసిన తొలి ప్రసంగాన్నే వక్త డెమోస్తనీస్ క్రీ.పూ. 343లో ఏథెన్స్ న్యాయస్థానంలో పౌరధర్మానికి ఆదర్శంగా చదివించాడు. వరదకు వంగిన చెట్టు నిలుస్తుందనీ, ఎదురు తిరిగినది వేళ్లతో సహా పోతుందనీ కన్నకొడుకు హీమన్ నచ్చజెప్పబోతే, ఆ నిష్ఠే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న పట్టుదలగా మారింది.

విషాద నాటకంలో నాయకుడి పతనానికి కారణంగా అరిస్టాటిల్ చెప్పిన ‘హమార్షియా’ అనే మాటకు మూలంలో ‘గురి తప్పడం’ అని అర్థం. దాన్ని ‘స్వభావలోపం’గా మార్చి, విద్యార్థుల చేత ‘అహంకారం’ అని ఒక్క ముక్క రాయించి ముగించడం నాకు బాధ కలిగిస్తుంది. జోస్యుడు టైరీసియస్ హెచ్చరికకు క్రేయాన్ చలించాక, ఆజ్ఞ మీరి సోదరుడి శవంపై మట్టి చల్లినందుకు గుహలో బంధించిన యాంటిగనిని విడిపించమనీ, శవానికి సమాధి కట్టమనీ నగర వృద్ధులు చెప్పారు. అతడు ఆ వరస తిప్పేశాడు. ముందు శవాన్ని కడిగి, దహనం చేసి, మట్టి దిబ్బ పోసి, ఆ తర్వాతే గుహకు వెళ్లాడు. అప్పటికే యాంటిగని ఉరి వేసుకుంది. పశ్చాత్తాపపడిన క్షణంలో కూడా అతనికి ప్రాణం కన్నా విధి ముందు గుర్తొచ్చిందని నేను అనుకుంటాను.

ఇక యాంటిగని. రాజాజ్ఞ కన్నా దేవతల అలిఖిత ధర్మం గొప్పదని నిలబడిన ఆమె ధైర్యానికి నేనూ నమస్కరిస్తాను. కానీ, మొదట భయపడి వెనక్కి తగ్గిన తోబుట్టువు ఇస్మీని, తర్వాత తానూ చావడానికి సిద్ధపడి వస్తే, చెయ్యి వెయ్యని పనిని నీదని చెప్పుకోవద్దంటూ ఆమెను తోసిపుచ్చింది. తోబుట్టువును కాపాడటానికే అలా అన్నదని కొందరంటారు, కావచ్చు. నువ్వు లేక నాకు బతుకెందుకని ఇస్మీని ఏడిస్తే, క్రేయాన్‌నే అడుగు, నీ ఆరాటమంతా అతని కోసమే కదా అన్న మాట మాత్రం రక్షించడానికి అన్నది కాదు.

మీ వ్యాసంలో ఇస్మీని ప్రస్తావనే లేదు. గుహకు నడుస్తూ యాంటిగని, రాజవంశంలో మిగిలినదాన్ని నేనొక్కదాన్నే అంటుంది. అప్పటికి ఇస్మీని బతికే ఉంది.

భవదీయ,
ఒక సాహిత్య అధ్యాపకురాలు