టెండరుకు ముందు పార్కు నమూనా పిల్లల్ని కట్టనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే ఆపింది. మంచిదే. మా వీధి కుర్రాడొకడు రమ్మీలో పడి వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టాడు. కానీ ఆ కోపంతో తెర మీద కనబడే ప్రతి ఆటనీ జూదంలో కలిపేయడం, ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. ఆ చట్టమే ఈ-స్పోర్ట్స్‌నీ (పోటీలుగా ఆడే వీడియో ఆటల్నీ), సరదా ఆటల్నీ విడిగా చూస్తోంది.

తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను లెండి. లెక్కల మాస్టారిగా రిటైరయ్యాను. వేసవి సెలవులకొచ్చిన మనవరాలు, ఏడో తరగతి, పొద్దస్తమానం మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట ముందే కూర్చుంటే "ఆ డబ్బాలు పేర్చడమేమిటే?" అని విసుక్కున్నాను. "మీ పార్కు కడుతున్నా తాతయ్యా" అంది.

మా కాలనీ పార్కును పోయినేడు బాగుచేశారు. నడుమ ఫౌంటెన్ పెట్టారు, మొదటి వారం నీళ్లొచ్చాయి. బల్లలన్నీ ఎండలోనే. సాయంత్రం ఐదింటికి కూడా కూర్చుంటే చుర్రుమంటుంది. గేటు దగ్గర మూడు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. మోకాళ్లు అరిగినవాళ్లం బయటే నిలబడి కబుర్లు చెప్పుకుంటాం.

మనవరాలు నా చేత తూర్పు గోడ పొడుగునా అడుగులు వేయించింది. ఆటలో ఒక్కో డబ్బా ఒక మీటరట. "నా అడుగు మీటరుండదే" అంటే టేపు తెచ్చింది. నాలుగింటికి వేపచెట్టు నీడ ఎక్కడిదాకా వస్తుందో ముగ్గుపిండితో గీసుకుని, తెర మీద బల్లలు అక్కడ వేసింది. మెట్ల పక్కన వాలుదారి మొదట నిట్టనిలువుగా కట్టింది. ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలని చెప్పాను. మూడు మెట్లు కొలిచి, లెక్కగట్టి, ఐదున్నర మీటర్లని తనే తేల్చింది. నిష్పత్తుల పాఠం అంత శ్రద్ధగా విన్న పిల్ల నా సర్వీసులో లేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఐక్యరాజ్యసమితికి చెందిన యూఎన్-హ్యాబిటాట్, మైన్‌క్రాఫ్ట్ తయారుచేసిన మొజాంగ్‌తో కలిసి 2012లో 'బ్లాక్ బై బ్లాక్' అనే పథకం మొదలుపెట్టింది. నైరోబీ లాంటి నగరాల్లో బస్తీవాళ్లే కంప్యూటర్ల ముందు కూర్చుని, తమ వీధీ మైదానం ఎలా ఉండాలో కట్టి చూపించారు. ఇంజినీరు గీసే ప్లాను చదవడం నాకే కష్టం. డబ్బాల పార్కులోనైతే ఎవరైనా నడిచి చూడొచ్చు.

విశాఖలో ఈసారి ఏ పార్కు ముట్టుకున్నా, టెండరు పిలిచేముందు రెండు ఆదివారాలు ఈ పనికి కేటాయించమని అధికారులకు నా మనవి. నాడు-నేడు పథకం కింద ప్రభుత్వ హైస్కూళ్లకొచ్చిన, వేలితో తాకి నడిపే పెద్ద ఐఎఫ్‌పీ తెరలు సెలవు రోజుల్లో ఖాళీయే. వాటి మీద పిల్లలు కడతారు, రోజూ వాకింగుకొచ్చేవాళ్లు పక్కన కూర్చుని తప్పులు పడతారు. మైన్‌క్రాఫ్ట్ కొనాలి. అలాంటిదే లువాంటీ అని ఒకటి ఉచితంగా దొరుకుతుంది.

మా పార్కు నమూనా కొలతలతో సహా నా దగ్గరుంది. అడిగితే పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తాను. ఫౌంటెన్ మాత్రం అందులో లేదు.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం