టోక్యో తోటలకు ఒక పూట

సంపాదకులకు నమస్కారం.

టోక్యో వెళ్లే మనవాళ్లు పాత ప్రభువుల తోటలకూ ఒక పూట కేటాయించాలని మనవి. కొమాగొమే స్టేషన్‌లో దిగితే రికుగియెన్ దగ్గరే. యానగిసావా యోషియాసు అనే ప్రభువు 1702లో పూర్తి చేయించిన తోట ఇది. 'వాకా' అనే సంప్రదాయ జపనీస్ కవితల్లోని 88 దృశ్యాలను చెరువు చుట్టూ మలిచారు. దారి మలుపు తిరిగినప్పుడల్లా నీళ్లు చెట్ల చాటుకు వెళ్లి కొత్త కోణంలో కనిపిస్తాయి. పరుగెత్తితే ఆ అందం దక్కదు, గంటన్నర ఉంచుకోండి. సముద్రమట్టానికి 35 మీటర్ల ఎత్తునున్న ఫుజిషిరో దిబ్బ తప్పక ఎక్కండి.

చాలామంది పొరబడేది గేటు దగ్గర. స్టేషన్ వైపున్న సోమెయి గేటు మామూలు రోజుల్లో మూసే ఉంటుంది, ప్రధాన ద్వారానికి చుట్టు తిరగాలి. టికెట్ 300 యెన్‌లు. సాధారణంగా సాయంత్రం 4:30 తర్వాత లోపలికి పంపరు. నవంబరు చివర్లో పొద్దు అప్పటికే వాలిపోతుంది కాబట్టి ఎర్రబారిన మేపుల్ ఆకులను ఉదయమే చూడాలి.

అక్కడి నుంచి క్యూ-ఫురుకావా తోటకు నడిచే వెళ్లొచ్చు. బ్రిటిష్ వాస్తుశిల్పి జొసయా కాండర్ రూపొందించిన రాతి భవనం, గులాబీలు పైన. జపనీస్ తోట కింద. గులాబీలకు మే, అక్టోబరు నెలలు అనువైనవి. భవనం లోపలికి వేరే రుసుము.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం