చెల్లెను ఆడనియ్యి నాయినా

నాయినకు,

ఫోన్లో ఈ మాట ఎత్తితే చాలు, సగంలోనే అమ్మ చేతికి ఇచ్చేస్తున్నావు. అందుకే కాగితం మీద రాస్తున్నా. చెల్లెతో చదివించుకోకు. పల్లి చేనుకు నీళ్లు కట్టే తొందర లేనప్పుడు నువ్వే నిదానంగా చదువు.

చెల్లె పాలమూరు యూనివర్సిటీ కబడ్డీ జట్టుకు సెలెక్ట్ అయితే, "బీఎస్సీ ఎవరు చదువుతారు" అని పంపనన్నావంట. నేను ఇక్కడ అమెరికాలో సాయంత్రాలు ఏం పని చేస్తానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కాలేజీ జట్లలో ఆడే పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తా.

వాళ్లలో ఒక పరుగుపందెం అమ్మాయి ఉంది. రాత్రి ఏడున్నరకు మోకాలికి ఐసు సంచి కట్టుకొని వస్తుంది. ఐసు కరిగి నీళ్లు సాక్సులోకి కారుతుంటాయి, ఆమె మాత్రం కాగితం మీది నుంచి చూపు తిప్పదు. పోయిన వారం ఒకే లెక్క మూడుసార్లు తప్పింది. నేను చెప్పబోతే పెన్ను అడ్డం పెట్టి ఆగమంది. నాలుగోసారి వచ్చింది. ఇంజనీరింగ్ ఆఖరి ఏడు, చదువు కాకముందే ఉద్యోగం ఖాయమైంది. ఇంటర్వ్యూలో మార్కుల కంటే రిలే జట్టు గురించే ఎక్కువ అడిగారంట.

ఇక్కడ చదువు ఎగ్గొడితే ఆటా పోతుంది. కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయిని డివిజన్ వన్ అంటారు. ఆ కాలేజీల్లో మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60 శాతం పూర్తి కావాలి. లేకపోతే ఆడనివ్వరు. సీజన్లో ప్రాక్టీసు, పోటీలు కలిపి వారానికి 20 గంటలు దాటొద్దు, ఒకరోజు సెలవు ఇవ్వాలి. బస్సు ప్రయాణం మాత్రం ఆ లెక్కలోకి రాదు. అందుకే సగం హోంవర్కు బస్సులోనే.

"ఆటలాడి బాగుపడ్డోడెవడు" అంటావు కదా. బిల్ బ్రాడ్లీ అని ఒకాయన కాలేజీలో ఉండగానే 1964 టోక్యో ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ గోల్డ్ తెచ్చాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. వచ్చి న్యూయార్క్ నిక్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టుకు ఆడి 1970లో, 1973లో కప్పు గెలిచాడు. ఆ తర్వాత 18 ఏళ్లు ఇక్కడ సెనేటర్, అంటే మన రాజ్యసభ సభ్యుడి లాంటి పదవి. సరే, అంత పెద్దోళ్ల సంగతి మనకెందుకులే.

నా సంగతే చెప్తా. ఎంసెట్ కోసం కబడ్డీ మానెయ్యమన్నావు, మానేశా. కానీ ఆటకు పోని ఆ సాయంత్రాలు నేను చదవలేదు నాయినా. బస్టాండు దగ్గర హోటల్లో కూర్చొని చాయ్ తాగేటోణ్ని. నువ్వేమో ట్యూషన్‌కు పోయిన అనుకునేటోడివి. ఇన్నేళ్లకు చెప్తున్నా, కోపం చేసుకోకు.

టోర్నమెంటుకు పోయేటప్పుడు రికార్డు బుక్కులు వెంట తీసుకుపొమ్మను. వారం వెనకబడితే నేను వీడియో కాల్‌లో చెప్తా. మ్యాట్ మీద ఆడటానికి బూట్లు వేరే ఉంటాయి, పాత స్కూలు బూట్లతో పంపొద్దు. డబ్బులు అమ్మ ఖాతాలో వేసినా. నువ్వే మహబూబ్‌నగర్ తీసుకుపోయి కొనియ్యి.

నీ పెద్దోడు