యూరప్‌లో ఒక్కరు వద్దన్నా ఆగిపోవాల్సిందేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మన పేపర్లలో ‘యూరప్ ఆంక్షలు పెట్టింది’ అని హెడ్డింగ్ వస్తే అక్కడ ఢిల్లీలాగా ఒక కేంద్ర ప్రభుత్వం కూర్చుని ఆర్డర్ వేసినట్టే ఉంటుంది, కానీ విదేశాంగ విషయాల్లో యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల్లో ఏ ఒక్కటి అడ్డం తిరిగినా పని ఆగిపోతుంది. ఉమ్మడి విదేశాంగ విధానం 1993లో మాస్ట్రిక్ట్ ఒప్పందంతో మొదలైంది, ఇప్పుడు కాయా కల్లాస్ గారు దానికి ప్రతినిధి, ఆవిడైనా 27 రాజధానులూ సరే అన్నంతవరకే మాట్లాడగలరు.

2020 ఆగస్టులో బెలారస్ ఎన్నికల తర్వాత జనం రోడ్డెక్కితే ఆ దేశాధ్యక్షుడు లుకషెంకో పోలీసులు చావబాదారు. ఆంక్షలు పెడదామని దాదాపు అందరూ రెడీ, కానీ సైప్రస్ ఒప్పుకోలేదు, మా సముద్రంలో గ్యాస్ కోసం తవ్వుతున్న టర్కీ సంగతి ముందు తేల్చండి అంది. బెలారస్‌కీ టర్కీకీ ఏంటండీ సంబంధం? చివరికి అక్టోబరు మొదట్లో సమ్మిట్‌లో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటే గానీ తెమల్లేదు.

2023 డిసెంబరులో ఇంకో వింత. ఉక్రెయిన్‌ని చేర్చుకునే చర్చలు మొదలుపెట్టాలంటే హంగేరీ ప్రధాని ఓర్బాన్ ససేమిరా అన్నారు, జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ కాసేపు బయటికెళ్లి కాఫీ తాగి రమ్మన్నారట, ఆయన అటు వెళ్లగానే మిగతా 26 మందీ ఇక్కడ ఓకే చేసేశారు! అదే రాత్రి ఓర్బాన్ ఉక్రెయిన్‌కి ఇవ్వాల్సిన 5,000 కోట్ల యూరోల సాయాన్ని మాత్రం ఆపేశారు, అది 2024 ఫిబ్రవరి 1న గానీ పాసవలేదు. యుద్ధంలో ఉన్న దేశానికి ఆ వారాలు ఎంత విలువైనవో ఆలోచించండి.

అలాగని వీటో, అంటే ఒక్క దేశమే ఆపేయగల ఈ హక్కు, మొత్తం తీసేయమని నేను అనను. 1974లో టర్కీ సైన్యం వచ్చి ఉత్తర భాగాన్ని ఆక్రమించుకున్న సైప్రస్ లాంటి చిన్న దేశానికి, జర్మనీ ఫ్రాన్స్‌ల పక్కన కూర్చుని మాట నెగ్గించుకోడానికి ఉన్నది అదొక్కటే. కాబట్టి సైన్యాన్ని పంపే విషయంలో వీటో ఉండాలి, ఆంక్షలకి మాత్రం మెజారిటీ చాలు. నచ్చకపోతే అడ్డం పడకుండా పక్కకి తప్పుకునే వీలు ఇప్పుడే ఉంది కదా, సెర్బియా నుంచి విడిపోయిన కొసావోని దేశంగా గుర్తించకపోయినా 2008లో అక్కడి పోలీసు, న్యాయ వ్యవస్థలకి సాయం చేసే యూరప్ మిషన్ వెళ్తుంటే ఇదే సైప్రస్ అలా తప్పుకుని దారిచ్చింది. చిక్కేంటంటే ఆంక్షల్ని మెజారిటీకి మార్చాలన్నా మళ్లీ 27 మందీ ఒప్పుకోవాలి, 2023 మేలో జర్మనీ, ఫ్రాన్స్‌తో కలిపి తొమ్మిది దేశాలు దీని కోసం గ్రూపు కట్టాయి గానీ మిగతావాళ్లని ఒప్పించడమే కష్టంగా ఉంది.

ఈసారి ‘యూరప్ వెనకడుగు’ అని వార్త వేసేటప్పుడు ఆపింది ఏ దేశం, బదులుగా ఏం అడుగుతోంది అని రెండు ముక్కలు కూడా రాయించండి సార్.

— ఒక పాఠకుడు, ఏలూరు