"మెడిసిన్ ఎందుకు వద్దనుకున్నావ్?" అని అడిగినప్పుడు

చిన్నీ,

డెంటల్ స్కూల్ ఇంటర్వ్యూలు దగ్గర పడుతున్నాయి కదా, ఒక్క ప్రశ్న గురించి వివరంగా రాస్తున్నాను. అమెరికాలో ఏ స్కూల్‌కి వెళ్లినా "మెడిసిన్ కాకుండా డెంటిస్ట్రీ ఎందుకు?" అని ఏదో ఒక రూపంలో అడుగుతారు. మన దేశంలో నీట్ ర్యాంకుతో సీటు వస్తుంది, ఇంటర్వ్యూ ఉండదు. ఎంబీబీఎస్ రాకపోతే బీడీఎస్ అనుకునేవాళ్లూ ఎక్కువే. అందుకే మన చుట్టాలు ఫోన్‌లో "మెడిసిన్ సీటు రాలేదామ్మా?" అంటారు, నీకు ఉక్రోషం వస్తుంది. అది ఇంటర్వ్యూలో నీ గొంతులోకి రానివ్వకు. అక్కడ నిన్ను తక్కువ చేయడానికి అడగరు. నాలుగేళ్లు చదివి, పెద్ద అప్పు నెత్తిన పెట్టుకునే మనిషి ఈ పని ఏమిటో తెలిసే వచ్చిందా అన్నది వాళ్లకు తేలాలి.

ముందు ఒక పరీక్ష పెట్టుకో. నువ్వు రాసుకున్న జవాబులో "డెంటిస్ట్" అన్నచోట "సర్జన్" అనో "నర్స్" అనో పెట్టి చదువు. వాక్యం చెక్కుచెదరకపోతే దాన్ని కొట్టేయ్. "సైన్స్ ఇష్టం, మనుషులకు సాయం చేయడం ఇష్టం, చేతిపని ఇష్టం" అన్న మూడూ ఈ పరీక్షలో పోతాయి. రాత్రి డ్యూటీలు తక్కువ, ఇల్లు చూసుకోవచ్చు అన్న మాట నిజమే కావచ్చు, కానీ జవాబు దాని మీద నిలబడదు. వాళ్లే అడిగితే ఒక్క వాక్యంలో ఒప్పుకుని ముందుకు వెళ్లు.

నీ దగ్గర మంచి సరుకే ఉంది. కమ్యూనిటీ క్లినిక్‌లో షాడోయింగ్ (డెంటిస్ట్ పక్కనే ఉండి పని గమనించడం) చేసేటప్పుడు బుగ్గ వాచి వచ్చిన పేషెంట్ గురించి చెప్పావు చూడు, దాంతో మొదలుపెట్టు. ఆయన అంతకుముందే ఎమర్జెన్సీకి వెళ్తే యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు ఇచ్చి పంపారు. వాపు తగ్గి మళ్లీ వచ్చింది. ఎందుకు వచ్చిందో నువ్వు చెప్పగలగాలి. పన్ను లోపలి పల్ప్ (నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం) చచ్చిపోయాక అక్కడికి రక్తప్రసరణ ఉండదు, కాబట్టి మింగిన మందు అక్కడికి చేరదు. పన్ను తెరిచి రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీసేయాలి. ఆ రెండింటిలో ఏది అన్నది మిగిలిన పంటి భాగం, ఎముక, పేషెంట్ స్తోమత చూసి నిర్ణయించాలి. రోగాన్ని గుర్తించడం, ఎక్స్‌రే చదవడం, దారి చెప్పడం, తన చేతులతోనే చేయడం, ఆరు నెలల తర్వాత మళ్లీ చూడడం అంతా తరచుగా ఒక్క మనిషే చేసే వృత్తి ఇది. నీకు నచ్చింది అదే అయితే అదే చెప్పు. పేషెంట్ పేరు, వయసు, ఊరు, ఆయన ఎవరో తెలిసిపోయే ఏ వివరమూ చెప్పకు. గోప్యత పాటించడం తెలుసా లేదా అన్నదీ వాళ్లు గమనిస్తారు.

అక్కడి నుంచి కొంచెం విస్తరించవచ్చు. 1965 చట్టంతో వచ్చిన మెడికేర్, అంటే అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, మామూలు దంతవైద్యానికి డబ్బు ఇవ్వదు. 2007లో మేరీల్యాండ్‌లో 12 ఏళ్ల అబ్బాయి పంటి చీము ఇన్ఫెక్షన్ మెదడుకు పాకి చనిపోయాడు. ఇలాంటి సంగతిని అలంకారంగా వాడకు. నువ్వు క్లినిక్‌లో చూసినదానికి అది ఎలా ముడిపడుతుందో చెప్పగలిగితేనే ఎత్తు.

"చేతిపని ఇష్టమైతే సర్జన్ కావచ్చుగా?" అన్నది తరువాతి ప్రశ్న. "రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణ) చాలా ఏళ్లు" అంటే ఓపిక లేదని అర్థమవుతుంది. తేడా పనిలోనే ఉందని చూపించు. డెంటిస్ట్ ఎక్కువగా మెలకువగా ఉన్న పేషెంట్ మీద పనిచేస్తారు. భయపడేవాళ్లతో మాట్లాడుతూ, అద్దంలో తిరగబడి కనిపించే పన్ను మీద, అర మిల్లీమీటరు తేడాలతో పని. నువ్వు చూసిన కాంపోజిట్ ఫిల్లింగ్ (పంటి రంగు పదార్థంతో పుచ్చు నింపడం) తీసుకో. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్‌ని సుమారు 15 సెకన్లు పెట్టి, కడిగి, బాండింగ్ అనే అతికించే ద్రవం పూసి, 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా నింపి, ఒక్కో పొరనీ లైట్‌తో గట్టిపరుస్తారు. మధ్యలో ఉమ్మి తగిలితే అతుకు బలహీనపడుతుంది. మందంగా ఒకేసారి నింపితే లైట్ అడుగుదాకా సరిగా చేరదు. అంచులో సందు పడి మళ్లీ పుచ్చుతుంది. ఇది వివరించగలిగితే "చేతిపని" అన్న మాట నువ్వు అననక్కర్లేదు. కూచిపూడి, ముగ్గులు, వీణ లాంటివి చెప్పాలనిపిస్తే, తప్పు దిద్దుకుంటూ ఎలా నేర్చుకున్నావో చెప్పు. ఊరికే జాబితా చదవకు.

"అయితే హైజీనిస్ట్ ఎందుకు కాకూడదు?" అని కూడా అడగవచ్చు. శుభ్రం చేయడం, స్కేలింగ్ (పళ్ల గార తీయడం), పేషెంట్‌కి నేర్పడం వాళ్ల నైపుణ్యం. రోగనిర్ధారణ, చికిత్స ప్రణాళిక, డ్రిల్లింగ్ లాంటి వెనక్కి తీసుకోలేని పనుల బాధ్యత డెంటిస్ట్‌ది. ఆ బాధ్యతే నాకు కావాలి అను. వాళ్ల పనిని చిన్నది చేయకు.

మెడిసిన్‌నీ చిన్నది చేయకు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఓరల్ సర్జన్ ఉండవచ్చు. వాళ్ల ఆరేళ్ల రెసిడెన్సీల్లో ఎండీ డిగ్రీ (అక్కడ మన ఎంబీబీఎస్ లాంటిది) కూడా వస్తుంది. "డాక్టర్లకి పేషెంట్‌తో మాట్లాడే తీరిక ఉండదు" అంటే అక్కడితో జవాబు పాడైనట్టే. పైగా నీ దరఖాస్తులో హాస్పిటల్ వాలంటీరింగ్ గంటలు కనిపిస్తున్నాయి. దాచకు. "మెడిసిన్‌ని కూడా నిజంగా ఆలోచించాను, అక్కడ ఇది గౌరవించాను, ఇక్కడ ఇది చూశాక ఇటు వచ్చాను" అని వరుసగా చెప్పు. ఆలోచించలేదంటే నమ్మరు.

నిడివి నిమిషంన్నర. బట్టీ పట్టకు. క్లినిక్‌లో చూసింది, మెడిసిన్‌తో పోల్చుకున్నది, ఆ తర్వాత నువ్వు వెతికి నేర్చుకున్నది, ఈ మూడు గుర్తులు చాలు. మూడోది నువ్వు తరచూ మర్చిపోతావు. చూసింది నచ్చాక ఇంకో రకం క్లినిక్‌కి వెళ్లావా, పిల్లల దగ్గరికో చిగుళ్ల నిపుణుల దగ్గరికో? వెళ్లి ఉంటే అదే నీ నిజాయితీకి సాక్ష్యం. ఎంఎంఐ పద్ధతి (ఒక్కో గదిలో ఒక్కో ప్రశ్నతో సాగే చిన్న ఇంటర్వ్యూల వరుస) అయితే ఒక్కో స్టేషన్‌లో కొద్ది నిమిషాలే ఉంటాయి కాబట్టి క్లినిక్ సంగతి నాలుగు వాక్యాల్లో ముగించి కారణానికి వచ్చేయ్.

ఫోన్‌లో రికార్డు చేసి వింటూ, "ఎప్పటినుంచో", "చిన్నప్పటి నుంచీ" అన్న మాటలు వచ్చిన చోట ఆపి, వాటి బదులు ఏం చూశావో పెట్టు. స్నేహితురాలి చేత ప్రతి వాక్యం తర్వాత "అంటే?" అని అడిగించుకో. రెండో "అంటే?" దగ్గర ఆగిపోయే వాక్యాన్ని ముందే తీసేయ్. చివర్లో నిన్ను ప్రశ్న అడగమంటారు. విద్యార్థులు మొదటి పేషెంట్‌ని ఏ సంవత్సరంలో చూస్తారు, కమ్యూనిటీ క్లినిక్ రొటేషన్ ఎన్ని వారాలు అని అడుగు.

అమ్మ